ఇరవై అడుగుల అవతల

దూరపు గంట మోగింది. హాల్లో ఉన్న నలభై ఎనిమిది తెరలూ ఒక్కసారిగా నల్లబడ్డాయి. నలభై ఎనిమిది మందీ తలలెత్తి కిటికీ అద్దాల్లోంచి ఎదురుగా ఉన్న గుట్టను చూశారు. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై సెకన్ల పాటు అలా చూడాలి. చూడనివాళ్ల తెర మళ్లీ వెలగదు. అంతగా చూడటానికి ఆ గుట్ట మీద ఉన్నదేమిటంటే ఒక టవరు, రెండు తాటిచెట్లు, పాడుబడ్డ నీళ్ల ట్యాంకు. పదకొండేళ్లుగా రోజుకు ఇరవై ఒక్కసారి చూస్తూ వచ్చిన పైడితల్లికి ఆ తాటిచెట్లలో ఏ మట్ట ఎప్పుడు ఎండిందో కూడా తెలుసు. కన్నకూతురికి ముందుపళ్లు ఊడాయని మాత్రం భర్త చెబితే తెలిసింది.

తెరలు వెలిగాయి. పైడితల్లి ముందు ఎప్పుడో రెండొందల ఏళ్ల కిందటి కరణం ఒకాయన రాసిన కాగితం ప్రత్యక్షమైంది. కలం ఎత్తకుండా, మాటకూ మాటకూ మధ్య సందు వదలకుండా రాసుకుపోయిన గొలుసుకట్టు రాత. లోకంలోని రాతలన్నీ చదివేసిన యంత్రాలు ఈ ఒక్కదాని దగ్గర చతికిలబడ్డాయి. పొలాల హద్దులు తేలాలన్నా, చెరువు ఎవరిదో చెప్పాలన్నా ఈ కాగితాలే దిక్కు. అందుకని విజయనగరంలో ఒక సంస్థ మనుషులను కూర్చోబెట్టి వాటిని చదివిస్తోంది. బోర్డు మీద దాని పేరు పఠనాలయం. ఊళ్లోవాళ్లకు అది చదువులకొట్టు. పొద్దున్న తొమ్మిదికి కూర్చుంటే, మధ్యలో గంటసేపు భోజనం పోగా, సాయంత్రం అయిదు దాకా చదవాలి. మనిషి పైకి చదువుతూ పోతే యంత్రం రాసుకుంటుంది.

లెక్కకు సరిగ్గా ఏడు గంటల పని. ఆ ఏడు అనే అంకె ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి.

ఒకప్పుడు తెరల ముందు పనిచేసేవాళ్ల కళ్లు ఎండిపోయేవి, మండేవి, సాయంత్రానికి తల పగిలిపోయేది. పదేళ్ల పిల్లలకు సోడాబుడ్డి అద్దాలు ఉండేవి. ఇరవై రెండేళ్ల కిందట నేత్రరక్షణ చట్టం తెచ్చారు. తెచ్చిన ఉద్దేశం మంచిదే, కాదనడానికి లేదు. తెర ముందు కూర్చునే ప్రతివాళ్ల నల్లగుడ్డు మీదా ఒక పల్చని పొర అతికిస్తారు. సర్కారు దానికి నేత్రరక్షిక అని పేరు పెట్టింది, జనం కంటిపొర అంటారు. మనిషి రోజుకు ఏడు గంటలకు మించి దగ్గరి వస్తువులను చూస్తే కంటికి చేటు అని డాక్టర్లు తేల్చారు. ఆ ఏడు గంటలకు దగ్గరి వేళ అని పేరు. అది అయిపోగానే పొరలో మబ్బు కమ్ముతుంది. ఇక మర్నాటి దాకా కళ్లకు దూరం తప్ప దగ్గర ఉండదు. చేతికందే దూరంలో ఉన్నదేదైనా బూడిదరంగు ముద్ద. పది అడుగుల దగ్గర మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు. ఇరవై అడుగులు దాటితే మాత్రం కాకి ముక్కు కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

కళ్లు బాగుపడ్డాయి. అద్దాల దుకాణాలు మూతబడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఏడు గంటలు ఎవరివో చట్టంలో రాయడం మాత్రం మర్చిపోయారు. రాయనిది ఎవరికి దక్కుతుంది? జీతమిచ్చేవాడికి దక్కింది. ఉద్యోగంలో చేరే రోజున పెట్టించుకునే సంతకాల్లో ఇదొకటి, దగ్గరి వేళ మొత్తం సంస్థకు ఇచ్చేస్తున్నామని. అందుకే పొద్దున్న పనిలో కూర్చునేదాకా మబ్బు విడదు. ఆదివారం పని లేదు కదా, ఆ రోజైనా ఇంట్లో చూసుకోవచ్చు కదా అంటే, ఆదివారం పూర్తి విశ్రాంతి. పొద్దున్నుంచి మబ్బే.

ఊరు కూడా దానికి తగ్గట్టు మారింది. టీకొట్ల ధరల పట్టీలు రోడ్డుకు అవతలి గోడకెక్కాయి. మంగలిషాపుల్లో అద్దం గది ఆ చివరికి పోయింది. వంటింట్లో ఉప్పుడబ్బాకు పలకల మూత, పంచదార డబ్బాకు గుండ్రటి మూత వచ్చాయి. పెళ్లిచూపులు వీధికి అటూ ఇటూ నిలబడి కానిచ్చేస్తున్నారు. డబ్బున్నవాళ్లు ఇరవై అడుగుల హాలు కట్టించుకుని, పెళ్లాం బిడ్డల ముఖాలు ఇంట్లోనే చూసుకుంటున్నారు. పైడితల్లి ఇల్లు రెండు గదులు. పెద్ద గది పది అడుగులు.

ఆమె కూతురు మంగకు ఏడేళ్లు. పుట్టుకతోనే చెవులు వినబడవు, దాని మాటంతా చేతుల్లోనే. మంగకు మూడేళ్లప్పుడు మూగబడి వాళ్లు తల్లిదండ్రులకు చేతిమాట నేర్పారు. పైడితల్లి భర్త సన్యాసిరావు నీళ్ల ట్యాంకరు నడుపుతాడు, అతనికి పొర అక్కర్లేదు. అతను పంతులమ్మకు ఎదురుగా చాప మీద కూర్చుని నేర్చుకున్నాడు. పైడితల్లిలాంటి పొరవాళ్లు నలుగురైదుగురు ఉంటే వాళ్లను మైదానంలో నిలబెట్టారు. పంతులమ్మ ఇరవై అడుగుల అవతల నిలబడి, చేతులు బారలు చాపి, ఒక్కొక్క మాటే వేసి చూపించింది.

ఆ రోజు నుంచి తల్లీ కూతుళ్ల మాటలు వీధికి అటూ ఇటూ సాగాయి. పైడితల్లి గుమ్మంలో నిలబడుతుంది. మంగ రోడ్డు దాటి, మూసేసిన బట్టలకొట్టు అరుగెక్కి, చేతులు చాపి చెబుతుంది. మధ్యలో బస్సు వస్తే ఆగుతుంది. బస్సు పోయాక మళ్లీ మొదటినుంచి చెబుతుంది. రోజూ చూసి చూసి ఆ వీధిలోవాళ్లందరికీ చేతిమాట వచ్చేసింది.

అదే కొంపముంచింది. శ్రావణమాసంలో ఒకరోజు మంగ బడిలో గౌను తడిపేసుకుంది. తండ్రికి చెప్పలేదు, సిగ్గుపడింది. తల్లి వచ్చేదాకా ఆగి, అరుగెక్కి, ముందు అటూ ఇటూ చూసుకుని చెప్పింది. ఎంత చూసుకుంటే ఏం లాభం, బారెడు చేతులతో చెప్పేది వీధిలో అందరికీ కనబడుతుంది. పక్కింటి పిల్లలు పడీపడీ నవ్వారు. మర్నాడు బడికి వెళ్లే బస్సులో మంగ ఎదురుగా అదే సైగ వేసి మళ్లీ నవ్వారు.

అప్పటినుంచి మంగ అరుగెక్కి రెండే మాటలు చెప్పేది. అన్నం తిన్నాను. బడి బాగుంది.

రెండు నెలలు అవే రెండు మాటలు చూశాక పైడితల్లి ఆగలేకపోయింది. మేనేజరు శ్రీకర్ గది తలుపు తట్టింది.

"సార్, రోజుకో అరగంట నాకు వదిలీండి. ఇంటికి అట్టుకెల్తాను. ఆ అరగంట పని ఆదివారం వొచ్చి సేసేస్తాను."

"ఆదివారం కంటికి పూర్తి విశ్రాంతి ఉండాలి పైడితల్లి గారూ. మీ మంచికే కదా చెప్పేది."

"మా గుంటకి సెవులు వినబడవు సార్. సేతుల్తోనే మాటాడతాది. దగ్గరుంటే దాని సేతులు నాకు అగుపడవు. వీధిలో నిలబడి సెప్పుకోడానికి దానికి సిగ్గు."

శ్రీకర్ మెత్తటి మనిషి. ఎవరినీ ఏకవచనంతో పిలవడు. ఆ మెత్తదనం మీద పిడికిలితో గుద్దినా చప్పుడు రాదు. "పాప సంగతి విన్నానండి. నాకూ బాధగానే ఉంది. కానీ మీకు అరగంట ఇస్తే మిగతా నలభై ఏడు మందికీ ఇవ్వాలి. చేరేటప్పుడు సంతకం పెట్టారు కదా. అయినా మీవారికి దగ్గర కనిపిస్తుంది కదా. పాప చెప్పింది ఆయన మీకు చెబుతారు."

"మీ ఆవిడ మీతో సెప్పుకోవలసిన మాట పక్కింటాయన వొచ్చి సెప్తే మీకు బాగుంటాదేటి సార్?"

శ్రీకర్ ముఖం ఎర్రబడింది. అప్పుడే దూరపు గంట మోగింది. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లి గుట్టను చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత ఇటు తిరగలేదు.

పైడితల్లి నేత్రకేంద్రానికి వెళ్లింది. అక్కడి డాక్టరమ్మ ఓపిగ్గా విన్నది. రిపోర్టు తెప్పించి చూసి, కళ్లు ముత్యాల్లా ఉన్నాయని మెచ్చుకుంది. చట్టం రాసేముందు ఇళ్లన్నీ తిరిగి సర్వే చేశారట. జనం ఇంట్లో దగ్గరగా చూసేది ఫోనొక్కటేనని తేలిందట. అందుకని ఇంటికి దగ్గరి వేళ ప్రత్యేకంగా కేటాయించలేదట. అంతా చెప్పి ఆమె ఎంతో ఆప్యాయంగా అడిగింది. "అయినా ఇంట్లో అంత దగ్గరగా చూడాల్సింది ఏముంటుందమ్మా?"

పైడితల్లి దండం పెట్టి బయటికి వచ్చేసింది. బస్సెక్కి సగం దూరం వచ్చాక ఒళ్లు భగ్గుమంది. ఏముంటుందట. ఆ సర్వే చేసినవాళ్లు ఏనాడైనా బియ్యంలో బెడ్డలు ఏరారా? పిల్ల తలలో పేలు చూశారా? కాల్లో ముల్లు దిగితే తీశారా? జ్వరం వచ్చిన బిడ్డ పెదాలు ఎండాయో లేదో ఏ కిటికీలోంచి చూశారు వాళ్లు? ఇంత చదువు చదివి, ఇన్ని ఇళ్లు తిరిగి, ఇళ్లలో మనుషులుంటారని కనిపెట్టలేకపోయారు. పైడితల్లి ఆ మాటలన్నీ బస్సులోనే పైకి అనేసింది. పక్కన కూర్చున్నామె లేచి వేరే సీట్లోకి వెళ్లింది.

ఆ సాయంత్రం ఆమె ఇంకో పని చేసి చూసింది. మంగను ఒళ్లో కూర్చోబెట్టుకుని దాని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. వేళ్లు ఎటు కదిలితే అటు తడుముతూ మాట పట్టుకుందామని ఆమె ఆశ. మంగ గింజుకుంది. ఆ పిల్లకు చేతులు పట్టుకుంటే నోరు నొక్కేసినట్టే కదా. అది తోచేలోపే మంగ తల్లి మణికట్టు కొరికి, విడిపించుకుని వంటింట్లోకి పారిపోయింది. సన్యాసిరావు వచ్చి చూసేసరికి పైడితల్లి చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది.

"అదేటి, రక్తం వొచ్చినాది," అన్నాడు అతను.

"రానీ," అంది పైడితల్లి. "నాకు అగుపడదు కదా."

దారి చూపించింది వనజాక్షి పట్నాయక్. అరవై దాటిన మనిషి, కరణాల ఇంటి ఆడపడుచు, చదువులకొట్టులో అందరికంటే పాత చదువరి. భోజనానికి లేవబోతూ పైడితల్లి మణికట్టు మీద పంటిగాట్లు చూసి అడిగింది. సంగతంతా వింది.

"మా తాతగారు కాగితాన్ని దగ్గర పెట్టుకునేవారు కాదు అమ్మడూ. దగ్గర పెట్టుకుంటే అక్షరం కనిపిస్తుంది కానీ మాట కనిపించదనేవారు. కాగితం స్తంభానికి అంటించి, అరుగు ఆ చివర కూర్చుని గడగడా చదివేసేవారు. గొలుసుకట్టు మరి, మొత్తం పోకడ చూడాలి. తెరలొచ్చాక మనమే ముక్కు ఆనించి ఒక్కొక్క కొమ్మూ ఏరుకుంటున్నాం."

"దూరం నుంచి సదివితే దగ్గరి వేళ కరిగిపోదు కదా," అంది పైడితల్లి.

"కరగదు," అంది వనజాక్షి. "ఎలా కరుగుతుంది?"

హాలు చివర గోడకు పెద్ద తెర ఒకటి ఉంది. నెలకోసారి శ్రీకర్ ఉపన్యాసం ఇచ్చేటప్పుడు వాడతారు. మర్నాడు పైడితల్లి తన కాగితాలను ఆ తెర మీదికి పంపించి, హాలు ఇవతలి చివర నిలబడి చదవడం మొదలుపెట్టింది. మొదట తడబడింది. పదో కాగితం దగ్గర రాత దానంతట అదే విడిపోవడం మొదలైంది. పొలం పేరు, సర్వే రాయి, తూర్పున ఫలానావాడి జీడితోట, ఒకదాని వెంట ఒకటి నోటికి వచ్చేశాయి. సరిచూసుకోవడానికి మాత్రం తన సీటు దగ్గరికి వెళ్లింది. సాయంత్రం అయిదయ్యేసరికి రోజుకు చదవాల్సిన అరవై కాగితాలూ పూర్తయ్యాయి. కంటి మూల పొరలో వెలిగే చిన్న అంకె చూసుకుంది. ఇంకా గంటన్నర దగ్గరి వేళ మిగిలి ఉంది.

గేటు దాటింది. మబ్బు రాలేదు. పైడితల్లి రోడ్డు మీద నిలబడి తన అరచెయ్యి చూసుకుంది. గోళ్లలో మట్టి ఉంది. బస్సులో ముందుసీటు మీద ఎవరో బ్లేడుతో చెక్కిన పేర్లన్నీ చదివింది. చీరకొంగుకు చిన్న చిరుగుంటే దాన్ని కూడా చూసి నవ్వుకుంది. వీధి మలుపు దగ్గర బస్సు దిగి దాదాపు పరిగెత్తింది.

మంగ అప్పటికే ఎదుటి అరుగు మీద నిలబడి ఉంది, రోజూలాగే. పైడితల్లి గుమ్మంలో కూర్చుని, దగ్గరికి రా అని సైగ చేసింది. పిల్లకు అర్థం కాలేదు. రా, రా అని మళ్లీ చేసింది. మంగ అరుగు దిగి, బస్సు పోనిచ్చి, రోడ్డు దాటి పరిగెత్తుకుంటూ వచ్చింది. కళ్లు కనిపించాయి, కొత్తగా వేసిన జడలు కనిపించాయి, బుగ్గ మీద పెన్నుగీత కనిపించింది. సరిగ్గా పది అడుగులు ఉందనగా మబ్బు దిగింది. తర్వాత ఒళ్లో వచ్చి పడింది ఒక బూడిదరంగు ముద్ద.

జరిగిందేమిటంటే, అయిదూ నలభైకి శ్రీకర్ తన గదిలో ఆ రోజు రిపోర్టు చూస్తున్నాడు. ఒకరి పొర పనివేళ దాటినా తెరిచే ఉందని అందులో కనబడింది. మూయమని ఒక మీట నొక్కాడు. కక్షతో కాదు, కోపంతో కాదు. నిబంధన కాబట్టి నొక్కాడు, నొక్కి కాఫీ తెప్పించుకున్నాడు.

మర్నాడు పొద్దున్న పనికి ముందు అందరినీ నిలబెట్టాడు. పైడితల్లిని ముందుకు పిలిచి శాలువా కప్పాడు. చదువరుల చరిత్రలోనే ఇదొక మేలిమలుపు అన్నాడు. కళ్లకు రవ్వంత శ్రమ లేకుండా కాగితాలు చదివే పద్ధతి ఈ సోదరి కనిపెట్టారన్నాడు. దానికి గోడచదువు అని పేరు కూడా పెట్టేశాడు.

"దూరం నుంచి చదివేదానికి దగ్గరి వేళ ఖర్చు కాదు కాబట్టి చట్టం అడ్డు రాదు," అన్నాడు. "సోమవారం నుంచి మామూలు ఏడు గంటలూ అయ్యాక మూడు గంటల గోడచదువు ఉంటుంది. డాక్టర్లను కూడా అడిగాం. దూరం చూడటం కంటికి ఇంకా మంచిదట."

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పైడితల్లి వెనక్కి తిరిగి చూసింది. వనజాక్షి తల దించుకుని ఉంది. పైడితల్లి పక్క సీటులో కూర్చునే ఆవిడ, ఎనిమిదేళ్లుగా కూరలు పంచుకు తిన్న మనిషి, అందరికీ వినబడేలా అంది. "నీ గుంట కోసం మా అందరి సాయంత్రాలూ అట్టుకెల్లి ఆడి సేతిలో పెట్టినావు కదే పైడీ."

ఆవిడకూ ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. పైడితల్లి శాలువా తీసి మడత కూడా పెట్టకుండా శ్రీకర్ బల్ల మీద పడేసింది.

"అరగంట అడిగినాను సార్," అంది. "నెత్తి కొట్టుకుని అడిగినాను. మీ అరవై కాయితాలూ సదివే మిగుల్చుకున్నాను. మీ దగ్గర దొంగిలించలేదు. అది ఎత్తుకుపోయి, ఇంకో మూడు గంటలు కూడా అడుగుతున్నారు. పైన శాలువా ఒకటి. మీకు సిగ్గు లేదేటి?"

"మీరు ఆవేశపడుతున్నారు పైడితల్లి గారూ. కూర్చోండి, మంచినీళ్లు తాగండి."

"మీ నీళ్లు మీరే తాగండి," అంది, చెప్పులేసుకుని బయటికి నడిచింది. తిన్నగా నేత్రకేంద్రానికే వెళ్లింది.

పొర తీయించుకోవాలంటే ఒక ఫారం నింపాలి. డాక్టరమ్మ కారణాల పట్టీ చదివింది. తలనొప్పి ఉందా, చూపు మసకగా ఉందా, కంటి మంట ఉందా.

"కంటికి మంట లేదమ్మా," అంది పైడితల్లి. "ఒళ్లు మండతంది. మీ కాయితంలో అది ఉన్నాదా?"

లేదు. డాక్టరమ్మ ఇతర కారణాలు అన్న గడిలో టిక్కు పెట్టింది. "ఒకసారి తీస్తే మళ్లీ వెయ్యడం కుదరదమ్మా. పొర లేనివాళ్లను చట్టప్రకారం ఏ సంస్థా తెర ముందు కూర్చోనివ్వదు. బంగారంలాంటి చదువు మీది. ఆలోచించుకోండి."

"ఆలోసించినాను. పదకొండేళ్లు ఆ గుట్టని సూస్తూ అదే ఆలోసించినాను. తీసీండి."

సన్యాసిరావు ట్యాంకరు వదిలి వచ్చి, కళ్లకు కట్టుతో ఉన్న భార్యను చెయ్యి పట్టి ఇంటికి తీసుకెళ్లాడు. దారిలో ఒక్కటే అడిగాడు. "నాతో ఓ మాట అనకపోయినావా?"

"అంటే వద్దందువేటి?"

"అనను," అన్నాడు అతను. "తోడొద్దును కదా."

కట్టు ఆరు రోజులు ఉంది. ఏడోరోజు మధ్యాహ్నం విప్పారు. ఇంటికొచ్చి పైడితల్లి గుమ్మానికి ఎదురుగా నేల మీద కూర్చుంది. కళ్లు కొంచెం నీరుకారుతున్నాయి, కానీ అన్నీ కనిపిస్తున్నాయి. చాప అల్లిక కనిపించింది, గోడ మీద మంగ పెన్సిల్‌తో గీసిన పిల్లి కనిపించింది. ఆ పిల్లి అక్కడ ఎన్నాళ్లుగా ఉందో ఆమెకు తెలియదు.

నాలుగింటికి సన్యాసిరావు మంగను బడి నుంచి తీసుకొచ్చాడు. బండి దిగిన పిల్ల తల్లిని చూసి, సంచీ తండ్రి చేతిలో పెట్టి, అలవాటుకొద్దీ ఎదుటి అరుగు వైపు నడిచింది. సన్యాసిరావు వెనక్కి పిలిచి, అమ్మకిప్పుడు దగ్గర కనిపిస్తుందని వేళ్లతో చెప్పాడు. మంగ నమ్మలేదు. తల్లి ముఖానికి జానెడు దూరంలో మూడు వేళ్లు పెట్టి చూపించింది. పైడితల్లి మూడు అని చూపించింది. రెండు పెట్టింది. రెండు అంది. మంగ చూపుడు వేలి కొస ఒక్కటే గుప్పిట్లోంచి పైకి తీసింది. పైడితల్లి ఆ కొసను పట్టుకుని ముద్దుపెట్టుకుంది. పిల్ల కిలకిలా నవ్వి ఒళ్లో ఎక్కి కూర్చుంది.

పైడితల్లి ఆ ముఖాన్ని తనివితీరా చూసింది. కొత్తగా వచ్చిన రెండు ముందుపళ్లు రంపపు పళ్లలా ఉన్నాయి. కుడి కనుబొమ్మలో గాటు ఒకటి, పాతది, మానిపోయింది. ఇదెప్పుడు తగిలింది, ఎవరు కొట్టారు అని అడిగింది. అడిగేటప్పుడు ఆమె చెయ్యి అలవాటుగా బారెడు సాగి గోడకు తగిలింది.

మంగ కాసేపు ఆలోచించింది. వీధి వైపు చూసి తల్లికి ఇంకా దగ్గరగా జరిగింది. రెండు చేతులూ గుండె దగ్గర పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. వేళ్లు చిన్నచిన్నగా, గబగబా కదిలాయి. ఒక మాట పూర్తికాకుండానే ఇంకో మాటలోకి జారాయి. మధ్యలో కనుబొమ్మలు, పెదాలు, భుజం కూడా ఏదో చెబుతున్నాయి. తండ్రితోనూ, బడిలో స్నేహితులతోనూ ఆ పిల్ల మాట్లాడే తీరు అదే. పైడితల్లి దాన్ని దగ్గరనుంచి చూడటం అదే మొదటిసారి.

ఆమెకు ఒక్క మాట కూడా అర్థం కాలేదు.

మైదానంలో ఆమె నేర్చుకున్నవి బారెడు చేతుల మాటలు, ఒకటి ఆగాక ఇంకొకటి. ఇవి అవి కావు. మళ్లీ చెప్పు అంది. మంగ మళ్లీ చెప్పింది, అంతే వేగంగా, ఈసారి కళ్లలో నీళ్లతో. నెమ్మదిగా అంది పైడితల్లి. మంగ నెమ్మదిగా మూడోసారి చెప్పింది. బడి అన్న మాట ఒకటి పట్టుకుంది తల్లి. మిగతాదంతా జారిపోయింది.

తల ఎత్తి భర్తను చూసింది. సన్యాసిరావు గడప దగ్గరే నిలబడిపోయాడు. అతని ముఖం మారిపోయింది.

"ఏటంతంది?" అని అడిగింది.

అతను నోరు తెరిచేలోపు మంగ ఒళ్లోంచి దూకి తండ్రి రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. వద్దని తల అడ్డంగా ఊపింది. సన్యాసిరావు ఆ పిల్లనూ భార్యనూ మార్చి మార్చి చూశాడు.

"నీకే సెప్పాలంట," అన్నాడు. "నాను సెప్పకూడదంట."

మంగ తల్లి దగ్గరికి తిరిగి వచ్చింది. తడిసిన ఆమె చెంపలను చిన్న అరచేత్తో తుడిచింది. తప్పు తనదే అన్నట్టు, ఫరవాలేదన్నట్టు తల నిమిరింది. తర్వాత గుమ్మం దిగింది. అటూ ఇటూ చూసి, బస్సు వెళ్లేదాకా ఆగి, రోడ్డు దాటి అరుగెక్కింది. పక్కింటి పిల్లలు ఆట ఆపి చూస్తున్నారు. మంగ చేతులు రెండూ బారలు చాపి, ఒక్కొక్క మాటే వేసి, తల్లికి అర్థమయ్యేలా చెప్పింది. అన్నం తిన్నాను. బడి బాగుంది.

పైడితల్లి గుమ్మంలో లేచి నిలబడింది. ఆ నిమిషంలో చట్టం రాసినవాళ్లలో, సంతకం పెట్టించుకున్నవాళ్లలో ఎవరు ఎదురుపడ్డా చెప్పుతో కొట్టి ఉండేది. ఎదురుగా మంగ తప్ప ఎవరూ లేరు. పిల్ల జవాబు కోసం చూస్తోంది. ఆమె రెండు చేతులూ తలపైకి ఎత్తి, వీధి మొత్తానికీ కనబడేలా, మంచిది తల్లీ అని చెప్పింది.